వీపు మీద ఏడు కిలోలు



మన ఇళ్ళలో ఎవరైనా విదేశానికి బయల్దేరుతున్నారంటే వారం పది రోజుల ముందు నుంచే హాల్లో రెండు పెద్ద పెట్టెలు తెరిచి ఉంటాయి. ఒక్కో పెట్టెకి 23 కిలోలు. కుక్కర్ ఖాళీగా పోకూడదని అందులో కందిపప్పు పోస్తారు. ఆవకాయ సీసాకి మూడు పొరల కవర్లు చుడతారు. ఇంటిపెద్ద పెట్టె ఎత్తుకుని బరువు చూసే మిషను మీద నిలబడి, తన బరువు తీసేసి లెక్క చెబుతాడు. ఇంకో రెండొందల గ్రాములకి చోటుందని తేలితే, దాన్ని దేనితో నింపాలా అని ఇల్లంతా వెతుకుతారు. ఈ విద్యలో తెలుగువాళ్ళకి తిరుగులేదు. పై చదువులకి వెళ్ళే పిల్లలకి అది అవసరం కూడా. ఎందుకంటే వాళ్ళు వెళ్ళేది కాపురం పెట్టడానికి.

ఇవాళ మనం మాట్లాడుకోబోయేది మరో రకం ప్రయాణం. వీపుకి ఒక సంచి తగిలించుకుని, రెండు మూడు నెలల పాటు, దేశం తర్వాత దేశం, ఒంటరిగా తిరిగొచ్చే ప్రయాణం. ఇలా వెళ్ళే మన యువతీయువకుల సంఖ్య పెరుగుతోంది. రిటైరైన వాళ్ళూ బయల్దేరుతున్నారు. వీళ్ళందరూ మొదట చేసే పని మాత్రం ఆ పెట్టెల విద్యనే సంచికి ప్రయోగించడం. కాపురం పెట్టేవాడి సామాను వేరు, తిరిగేవాడి సామాను వేరు. ఒంటరిగా తిరిగేవాడి సామాను మరీ వేరు.

అది ఎందుకు వేరో ముందు చెబుతాను. రైల్వేస్టేషన్‌లో మనం రోజూ వినే మాట ఒకటుంది: "కాస్త సామాను చూస్తుండు, ఇప్పుడే వస్తా." ఒంటరి ప్రయాణికుడికి ఆ మాట అనడానికి మనిషి ఉండడు. టికెట్టు కొనడానికి వెళ్ళినా, టీ తాగడానికి వెళ్ళినా, మరుగుదొడ్డికి వెళ్ళినా సంచి వెంట రావాల్సిందే. కాబట్టి సంచి పరిమాణానికి నా దృష్టిలో ఒకటే కొలత. స్టేషన్ మరుగుదొడ్డి తలుపు మూసుకున్నాక మీరూ మీ సంచీ ఇద్దరూ లోపల పట్టాలి. పట్టకపోతే అది ఒంటరి ప్రయాణానికి పనికొచ్చే సంచి కాదు. తక్కువ సామానుతో వెళ్ళడం వైరాగ్యమనీ, ఫ్యాషననీ కొందరు అనుకుంటారు. నిజానికి అది భద్రత.

సంచిని వదిలి వెళ్తే ఏమవుతుందో చూడండి. 1933 డిసెంబరులో ప్యాట్రిక్ లీ ఫెర్మర్ అనే పద్దెనిమిదేళ్ళ ఇంగ్లిష్ కుర్రవాడు హాలండ్ తీరం నుంచి కాన్‌స్టాంటినోపుల్‌కి, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌కి, కాలినడకన బయల్దేరాడు. నెల తిరగ్గానే మ్యూనిక్ నగరంలో, హాస్టల్లో వదిలి వెళ్ళిన అతని సంచి దొంగలపాలైంది. పాస్‌పోర్టు, డబ్బు, రోజూ రాసుకున్న డైరీ అన్నీ అందులోనే ఉన్నాయి. బ్రిటిష్ కాన్సులేట్ వాళ్ళు కొత్త పాస్‌పోర్టు ఇచ్చి, ఐదు పౌండ్లు అప్పిచ్చారు. అక్కడ పరిచయమైన ఒక కుటుంబం మరో సంచి సమకూర్చింది. అతను మళ్ళీ నడక మొదలుపెట్టి, ఏడాది తర్వాత గమ్యం చేరాడు. ఈ కథలో మనకి రెండు సంగతులు తెలుస్తాయి. సంచి పోయినా ప్రయాణం సాగుతుంది. పాస్‌పోర్టు, డబ్బు మాత్రం సంచిలో ఉండకూడదు, ఒంటి మీద ఉండాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఉదాహరణకి మనవాళ్ళు ఎక్కువగా ఎంచుకునే దారే తీసుకుందాం. థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, కాంబోడియా. నవంబరులో బ్యాంకాక్‌లో దిగి, ఉత్తరాన చియాంగ్ మాయ్ చూసి, సరిహద్దు దాటి లావోస్‌లో అడుగుపెడతారు. అక్కడ హువాయ్ సాయ్ రేవులో పడవెక్కితే మెకాంగ్ నది మీద రెండు రోజుల ప్రయాణం, లువాంగ్ ప్రబాంగ్ దాకా. మధ్యలో రాత్రి బస పాక్ బెంగ్ అనే చిన్న ఊళ్ళో. పడవ దిగగానే ఎదురుగా నిటారుగా ఒడ్డు. చక్రాల పెట్టె తెచ్చినవాళ్ళు అక్కడ దాన్ని నెత్తిన పెట్టుకోవాల్సిందే. వియత్నాం నగరాల్లో ఒంటరివాడికి అతి చవకైన వాహనం గ్రాబ్ బైకు. డ్రైవరు వెనక కూర్చోవాలి, సంచి మీ వీపునే ఉండాలి. పెద్ద సంచి ఉంటే కారు పిలవాలి, ఎక్కువ చెల్లించాలి. ఆ ప్రాంతంలో తక్కువ ధరకి దొరికే విమాన టికెట్లలో సాధారణంగా చేతిసంచి 7 కిలోలకే అనుమతి. కింద వేసే సామానుకి విడిగా డబ్బు కట్టాలి. నాలుగు విమానాలు ఎక్కితే నాలుగుసార్లు కట్టాలి.

అందుకని ఒక లెక్క పెట్టుకుందాం. 35 నుంచి 40 లీటర్ల సంచి, అన్నీ కలిపి 7 కిలోలు. స్పెయిన్‌లో సాంటియాగో పుణ్యక్షేత్రానికి వందల కిలోమీటర్లు నడిచే యాత్రికులు పాటించే సూత్రం కూడా ఇంచుమించు ఇదే. సంచి మన ఒంటి బరువులో పదోవంతు దాటకూడదంటారు. డెబ్బై కిలోల మనిషికి ఏడు కిలోలు. యాభై కిలోల అమ్మాయికి ఐదే.

ఏడు కిలోలతో మూడు నెలలా అని ఆశ్చర్యపోకండి. బౌద్ధ భిక్షువుకి వినయం, అంటే సంఘ నియమావళి, అనుమతించిన పరికరాలు ఎనిమిదే. మూడు చీవరాలు, భిక్షాపాత్ర, నడికట్టు, మంగలికత్తి, సూది, నీళ్ళు వడగట్టుకునే గుడ్డ. ఆ ఎనిమిదితో వాళ్ళు మన అమరావతి, నాగార్జునకొండ దారుల్లో తిరిగారు, సముద్రాలు దాటారు. ఆ జాబితాని ఒకసారి పరిశీలించండి. కట్టుకోవడానికి, తినడానికి, శుభ్రంగా ఉండడానికి, చినిగితే కుట్టుకోవడానికి, నీళ్ళు తాగడానికి. ఇవాళ్టి ప్రయాణికుడికీ ఈ ఐదు అవసరాలే ఉన్నాయి. కొత్తగా చేరినవి ఫోను, పాస్‌పోర్టు, మందులు.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతీ మన చరిత్రలో ఉంది. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్ళినప్పుడు పల్లకీ, డేరాలు, బోయీలు, పెద్ద పరివారం వెంట ఉన్నాయి. పదిహేను నెలల ప్రయాణం అది. ఆ రోజుల్లో దారిలో హోటలు లేదు, దుకాణం నమ్మకం లేదు. ఇల్లు వెంట తీసుకెళ్ళక తప్పదు. ఇవాళ చియాంగ్ మాయ్‌లో అర్ధరాత్రి కూడా సబ్బు, టూత్‌పేస్టు, గొడుగు దొరికే దుకాణం వీధికొకటి ఉంది. దారి మారింది, మన సర్దుడు మాత్రం ఇంకా వీరాస్వామయ్య గారి కాలంలోనే ఉంది.

బట్టలతో మొదలుపెడదాం, సంచి బరువులో పెద్ద భాగం వాటిదే. మూడు నెలల ప్రయాణానికి మూడు నెలల బట్టలు అక్కర్లేదు. ఐదారు రోజులకి సరిపోయేవి చాలు, తర్వాత ఉతుక్కోవడమే. మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, లోదుస్తులు ఐదు, మేజోళ్ళు మూడు జతలు, పడుకునేటప్పుడు వేసుకోవడానికి ఒక జత. ఒంటి మీద వేసుకున్నవి కూడా ఈ లెక్కలోనివే. రంగులు అన్నీ ఒకదానికొకటి నప్పేలా ఉంటే మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లతోనే ఆరు రకాలుగా తయారుకావచ్చు. అయినా ప్రతి ఊళ్ళో మిమ్మల్ని చూసేవాళ్ళు కొత్తవాళ్ళే కదా.

జీన్స్ ప్యాంటు ఇంట్లో పెట్టేయండి. ఒక్కటే ముప్పాతిక కిలో దాకా తూగుతుంది, ఆ తేమ గాలిలో ఒక పట్టాన ఆరదు. నూలు చొక్కా ఒంటికి హాయి, కానీ చెమట పీల్చుకుని తడిగానే ఉంటుంది. పాలిస్టర్ కలిసిన సన్నని బట్ట రాత్రి ఉతికితే ఫ్యాను కింద తెల్లారేసరికి ఆరుతుంది, అయితే చెమట వాసన త్వరగా పడుతుంది. సన్నని మెరినో ఉన్ని బనియను వాసన పట్టదు గాని ఖరీదెక్కువ. అందుకని రెండు పాలిస్టర్‌వి, ఒక నూలుది ఉంటే మధ్యేమార్గం. ఉతికిన బట్టని పిండాక, పొడి తువ్వాలులో చుట్టి మళ్ళీ ఒకసారి మెలిపెట్టి పిండండి. సగం నీళ్ళు తువ్వాలుకి పోతాయి, బట్ట సగం సమయంలో ఆరుతుంది. ఓపిక లేని రోజున వీధిలో లాండ్రీ ఉండనే ఉంది. ఆ దేశాల్లో బట్టలు కిలోల లెక్కన తూచి ఉతికిస్తారు. మీ సంచిలో ఉన్నవన్నీ వేసినా రెండు కిలోలు దాటవు.

తువ్వాలు అంటే గుర్తొచ్చింది. బ్యాక్‌ప్యాకింగ్ దుకాణాల్లో మైక్రోఫైబర్ తువ్వాలని ఒకటి వందలు పోసి కొనిపిస్తారు. మన చేనేత తుండుగుడ్డ అదే పని చేస్తుంది. తేలిక, తొందరగా ఆరుతుంది, తలకి చుట్టుకోవచ్చు, మెడకి వేసుకోవచ్చు. మగవాళ్ళకి ఒక లుంగీ, ఆడవాళ్ళకి ఒక పెద్ద నూలు చున్నీ తప్పనిసరిగా ఉండాలి. బస్సులో ఏసీ ఎక్కువైతే దుప్పటి, హాస్టల్ మంచానికి తెర, మరీ మాసిన పరుపు మీద పక్కబట్ట, నది ఒడ్డున బట్టలు మార్చుకునే గది, అన్నీ అదే. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. అంగ్‌కోర్ ఆలయాల్లోనూ, బ్యాంకాక్ రాజప్రాసాదంలోనూ భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. భుజం మీద చున్నీ వేసుకుంటే చాలదని వెనక్కి పంపే చోట్లున్నాయి. చేతులున్న చొక్కా ఒకటి, మోకాళ్ళు దాటిన ప్యాంటు ఒకటి ఉండి తీరాలి.

చలి సంగతి చాలామంది మర్చిపోతారు. దక్షిణాన హో చి మిన్ నగరం మన విజయవాడలాగే ఉంటుంది. అదే దేశంలో ఉత్తరాన హనోయ్‌లో జనవరి రాత్రులు 15 డిగ్రీల చుట్టూ ఉంటాయి, సాపా కొండల్లో ఇంకా తక్కువ. అలాగని మందపాటి స్వెట్టరు మోయక్కర్లేదు. ఒక పలచని జాకెట్టు, దాని మీద వాన కోటు, లోపల రెండు చొక్కాలు. పొరల మధ్య నిలిచిన గాలే వెచ్చదనం ఇస్తుంది. ఇంకా చలేస్తే అక్కడి సంతలో ఒక పాత జాకెట్టు కొనుక్కుని, దిగువకి వచ్చేటప్పుడు ఎవరికైనా ఇచ్చి రండి.

చెప్పులు, బూట్లు కలిపి రెండు జతలు మించకూడదు. బరువైన జత కాళ్ళకి, తేలికైనది సంచిలోకి. ఇంట్లో కనీసం నెలరోజులు వేసుకుని అలవాటు పడ్డ జతే తీసుకెళ్ళాలి.

ఇప్పుడు వంటింటి విషయం. మనవాళ్ళకి ఇది సున్నితమైనది. నూనె పచ్చడి చేతిసంచిలో విమానం ఎక్కనివ్వరు. 2006లో వచ్చిన నియమం ప్రకారం ద్రవమైనా, ముద్దయినా, జెల్ అయినా ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శక సంచిలో పట్టాలి. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, నిప్పంటుకునే గుణం కలది కాబట్టి విమానాల్లో దాన్ని నిషేధించారు. అన్నిటికన్నా ముఖ్యం గసగసాలు. మనకి అది కూర మసాలా. సింగపూర్‌లోనూ, ఎమిరేట్స్‌లోనూ అది నిషిద్ధ పదార్థం, జైలుదాకా పోయే వ్యవహారం. మసాలా పొడుల్లో కలిసి ఉందేమో కూడా చూసుకోండి.

మరి తిండి ఎలా? మన అదృష్టం కొద్దీ ఈ నాలుగు దేశాల్లోనూ అన్నం దొరకని ఊరు లేదు. థాయ్‌లాండ్‌లో మామూలు అన్నం, లావోస్‌లో చేత్తో ముద్దచేసుకునే జిగురన్నం. కాబట్టి మోయాల్సింది బియ్యం కాదు, కుక్కరు కాదు. పావుకిలో కందిపొడి గట్టిగా కట్టి పెట్టుకుంటే చాలు. శాకాహారులు ఒక సంగతి గమనించాలి. కూరగాయల వంటకమని చెప్పినా అందులో చేప సాస్ వేసే అలవాటు అక్కడ ఉంది. థాయ్‌లాండ్‌లో పసుపుపచ్చ జెండా మీద ఎర్ర అక్షరంతో గుర్తు కనిపించిన దుకాణంలో శాకాహారమే దొరుకుతుంది.

మందుల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. రోజూ వేసుకునేవి మొత్తం ప్రయాణానికి సరిపడా, పది రోజులు అదనంగా, అసలు స్ట్రిప్పుల్లోనే, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి. విడి మాత్రలు డబ్బాలో పోసి తీసుకెళ్తే సరిహద్దులో సమాధానం చెప్పుకోలేరు. మన దగ్గర మందుల షాపులో దొరికే జలుబు మందుల్లో ఉండే సూడోఎఫిడ్రిన్ పాళ్ళు పదిశాతం దాటితే జపాన్‌లోకి అనుమతి లేదు. కోడీన్ ఉన్న దగ్గు మందుకి సింగపూర్, ఎమిరేట్స్‌లో ముందుగా అనుమతి కావాలి. ఇవి కాక పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు, దెబ్బలకి పట్టీలు, సూదీదారం. కళ్ళజోడు ఉన్నవాళ్ళు రెండోది తప్పక పెట్టుకోవాలి. ఆఫ్రికాకో, బ్రెజిల్ వైపుకో వెళ్ళేవాళ్ళయితే పసుపు రంగు టీకా పుస్తకం పాస్‌పోర్టంత ముఖ్యం. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజులదాకా విడిగా ఉంచే అధికారం ప్రభుత్వానికి ఉంది.

కరెంటు వస్తువులు అతి తక్కువ ఉండాలి. ఫోను, చార్జరు, పవర్‌బ్యాంకు. పవర్‌బ్యాంకులో ఉండేది లిథియం బ్యాటరీ, నిప్పంటుకుంటే ఆర్పడానికి మనుషులు అందుబాటులో ఉండాలి గనుక దాన్ని కింద వేసే సామానులో పెట్టనివ్వరు, మన దగ్గరే ఉండాలి. పరిమితి 100 వాట్ అవర్లు. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు 74 వాట్ అవర్లే, కాబట్టి ఇబ్బంది లేదు. మన సన్నని రెండు పిన్నుల చార్జరు ఈ నాలుగు దేశాల్లో చాలాచోట్ల ప్లగ్గులో పడుతుంది. మలేసియా, సింగపూర్ దాకా వెళ్తే అక్కడ బ్రిటిష్ పద్ధతి పలక పిన్నులు, చిన్న అడాప్టరు కావాలి. జుట్టు ఆరబెట్టే యంత్రాలు, ఇస్త్రీపెట్టెలు ఇంట్లోనే ఉండనివ్వండి.

కాగితాల విషయంలో బరువు చూడకండి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు, అరడజను ఫొటోలు, వీసా ప్రింటు, బీమా కాగితం. లావోస్, కాంబోడియా సరిహద్దుల్లో వీసాకి అమెరికన్ డాలర్లు అడుగుతారు, చిరిగిన నోట్లు తీసుకోరు. రెండు బ్యాంకు కార్డులుంటే ఒకటి ఒంటి మీద, ఒకటి సంచి అడుగున. హాస్టల్లో లాకరుంటుంది గాని తాళం చాలాచోట్ల మనదే, ఒక చిన్న తాళంకప్ప పట్టుకెళ్ళండి.

ఇన్ని చెప్పాక కూడా చేయి ఊరుకోదు. ఇది అవసరమవుతుందేమో, అది అవసరమవుతుందేమో అని ఒక్కోటి చేరుతుంది. నిజానికి మన సంచిలో మోసేది చాలావరకు మన భయాలనే. జబ్బు భయం ఉన్నవాళ్ళ సంచి నిండా మందులు, ఆకలి భయం ఉన్నవాళ్ళ సంచి నిండా చిరుతిళ్ళు. ఆ భయానికి విరుగుడు అదనపు వస్తువు కాదు, అడగగలిగే నోరు. 1955లో అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే అరవై ఏడేళ్ళ ఆవిడ, పదకొండు మంది పిల్లల తల్లి, మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు ఉన్న అపలాచియన్ కొండబాటని ఒక్కతే నడిచి పూర్తిచేసింది. చేత్తో కుట్టుకున్న గుడ్డసంచి, కాన్వాస్ బూట్లు, ఒక దుప్పటి, వాన పడితే కప్పుకోవడానికి స్నానాలగదిలో కట్టే ప్లాస్టిక్ తెర. డేరా లేదు. చీకటి పడితే దారిలో ఉన్న ఇంటి తలుపు తట్టి చోటడిగేది. కొందరు పెట్టారు, కొందరు పొమ్మన్నారు. ఆవిడ నడక ఆగలేదు. సంచిలో లేని వస్తువు కోసం ఎవరినో ఒకరిని పలకరించాల్సి వస్తుంది. ఒంటరి ప్రయాణంలో స్నేహాలు సాధారణంగా అక్కడే మొదలవుతాయి.

చివరగా, బయల్దేరడానికి వారం ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. సంచి పూర్తిగా సర్దండి. బరువైనవి వీపుకి ఆనేలా మధ్యలో పెట్టండి, నడుం బెల్టు బిగించండి, అప్పుడు బరువు భుజాల మీద కాకుండా తుంటి ఎముకల మీద పడుతుంది. ఆ సంచితో మండుటెండలో మూడు కిలోమీటర్లు నడవండి. కిక్కిరిసిన సిటీ బస్సు ఎక్కండి. నాలుగంతస్తుల మెట్లెక్కి దిగండి. ఇంటికొచ్చి సంచి విప్పితే ఏది తీసేయాలో మీ భుజాలే చెబుతాయి. ఆ రోజు తీసేసిన వస్తువు కోసం మీరు పరాయి దేశంలో బాధపడే అవకాశం చాలా తక్కువ. నిజంగా కావాల్సి వస్తే అక్కడ కొనుక్కోవచ్చు.

పెద్దలకి ఒక మనవి. మీ అమ్మాయో, అబ్బాయో ఇలా ఒంటరిగా బయల్దేరుతుంటే ప్రేమని పెట్టెల్లో కుక్కకండి. మీరు పెట్టే ప్రతి అదనపు కిలో వాళ్ళని ఒక మెట్టు దగ్గర, ఒక సరిహద్దు దగ్గర, ఒక రాత్రి బస్టాండులో నిస్సహాయుల్ని చేస్తుంది. దాని బదులు ఆ సామానుకయ్యే డబ్బు పెట్టి మంచి బీమా తీసివ్వండి, వాళ్ళ కాగితాల నకళ్ళు మీ దగ్గర ఉంచుకోండి, రోజుకోసారి ఫోన్ చేసే వేళ ఖాయం చేసుకోండి. ఇక ప్రయాణికులారా, ఏడు కిలోలు సర్దుకోండి, ఆ సంచి మోసుకుని ముందు మీ వీధి చివరిదాకా నడిచి చూడండి. నడవగలిగితే టికెట్టు కొనుక్కోండి.